చెత్తబండిలో చిన్నతల్లి

గెడ్డపేట మున్సిపాలిటీ చెత్తబండ్లకు మొదట్లో ఒక పాట ఉండేది. ఎక్కడో పెద్ద ఊళ్ళో పాడించి పంపిన పాట. "తడి వ్యర్థములు వేరు, పొడి వ్యర్థములు వేరు, తరలిరండి పౌరులారా" అని ఒకమ్మాయి ఎంతో తీయగా పాడేది. చిక్కంతా ఆ తీపితోనే వచ్చింది. పొద్దున్నే ఆ పాట వినపడగానే గెడ్డపేట జనం దుప్పటి ఇంకాస్త పైకి లాక్కుని, అటు తిరిగి పడుకునేవారు. వ్యర్థములంటే ఏమిటో సగం మందికి తెలియదు. ఐస్‌క్రీము బండి అనుకుని పిల్లల్ని పంపినవాళ్ళూ ఉన్నారు. బండి ఖాళీగా వచ్చి ఖాళీగా వెళ్ళేది. చెత్త మాత్రం నేరుగా కాలవల్లోకి వెళ్ళేది.

దీనికి జవాబు చెప్పుకోవలసినవాడు శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఏసుదానం. మెత్తని మనిషి. ఎవరినీ ఒక మాట అనలేడు. కమిషనర్ నారాయణమూర్తి ప్రతి సోమవారం ఆయన్ని నిలబెట్టి, "కాలవలో చెత్త ఎందుకుందయ్యా?" అని అడిగేవాడు. "వేస్తున్నారండి" అనేవాడు ఏసుదానం. "ఎందుకు వేస్తున్నారు?" "బండిలో వెయ్యటం లేదండి." ఈ సంభాషణ ఇంతకంటే ముందుకు ఎన్నడూ సాగలేదు.

ఒకనాడు ఏసుదానం ఏడో వార్డులో నూతిసందు దగ్గర కాలవ చూస్తూ నిలబడ్డాడు. స్కూటరు మీద పోతున్న ఒకాయన ఖాళీ కొబ్బరిబొండాం ఒకటి కాలవలోకి విసిరి ముందుకు పోయాడు. వెంటనే సందులోంచి ఒక కేక వినపడింది.

"ఒరే స్కూటరోడా! ఆగరా!"

స్కూటరు ఆగింది. దానితోపాటు మెయిన్ రోడ్డు మీద ఒక ఆటో, ఒక కూరగాయల తోపుడుబండి కూడా ఆగాయి. ఆ మనిషి మారు మాట్లాడకుండా దిగి, బొండాం తీసి, స్కూటరుకి తగిలించిన సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. ఏసుదానం తన ఉద్యోగ జీవితంలో ఇలాంటి దృశ్యం చూసి ఎరగడు.

ఆ గొంతు దుర్గాభవానిది. సందులో నాలుగో ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఆమె మొగుడు దేవేంద్ర ఆర్టీసీ కండక్టరు. నరసన్నపేట బస్సులో ఆయన "టికెట్" అంటే మూడో సీటు దాటి వినపడదు. ఇంట్లో వాడుక లేక తుప్పుపట్టిన గొంతు అని డిపోలో నవ్వుకునేవారు.

ఏసుదానం వాళ్ళింటి గుమ్మం ముందు చెప్పులు విడిచాడు. "అమ్మా, మా బండిలో మీరు ఒక్క నిమిషం మాట్లాడాలి" అన్నాడు.

"సెత్తబండితో నానేటి మాటాడతాను బాబూ?" అంది భవాని.

ఆయన వివరంగా చెప్పాడు. ఈ ఊరి మాటలో, ఈ ఊరి మనిషి చెప్తే జనం వింటారని, మైకులో ఆమె గొంతు వెయ్యాలని. భవాని తల అడ్డంగా ఊపింది. ఆడదాని గొంతు బండికి కట్టి ఊరంతా తిప్పుతారా అంది. అప్పటిదాకా మూల కూర్చుని టీ తాగుతున్న దేవేంద్ర గ్లాసు కింద పెట్టాడు.

"సెప్పీ భవానీ. ఊరందరికీ ఒక్కసారే సెప్పీసినావనుకో, ఇంట్లో కాస్త తగ్గుతాదేమో."

భవాని ఆయనకేసి చూసిన చూపుకి ఆయన మళ్ళీ గ్లాసు ఎత్తుకున్నాడు. అయితే ఆ చూపు తరవాత ఆమె సరేనంది. మొగుడి ముందు ఒప్పుకోకపోతే భయపడిందనుకుంటాడని.

మర్నాడు ఏసుదానం వచ్చేసరికి భవాని పట్టుచీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని ఉంది. గొంతు ఒక్కటే కదమ్మా అన్నా వినలేదు. ఆయన సెల్‌ఫోను తీసి కుట్టుమిషను మీద పెట్టి, మీట నొక్కి, కానివ్వండమ్మా అన్నాడు. భవాని చేతులు జోడించింది.

"గౌరవనీయులైన గెడ్డపేట పురప్రజలకు నా హృదయపూర్వక నమస్కారములు."

ఆ గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది. బడిలో బహుమతి తీసుకోబోయే పిల్ల గొంతులా వణికింది. ఇంకోసారి చెప్పించాడు. ఇంకా వణికింది. మంచినీళ్ళు తాగి మళ్ళీ చెప్పింది. ఈసారి నమస్కారాల దగ్గరే ఆగిపోయింది.

"నిన్న స్కూటరాయన్ని అన్నట్టు అనండమ్మా" అన్నాడు ఏసుదానం బతిమాలుతూ.

"ఆడు తప్పు సేసినాడు కాబట్టి వొచ్చీసినాది బాబూ. తప్పు నేకుండా కోపం ఎక్కడినుంచి తెమ్మంటారు?"

ఆ మాట నోట్లో ఉండగానే బయట కాలవలో నీళ్ళు కుమ్మరించిన చప్పుడైంది. పక్కింటి చిన్నతల్లి. ఆమె చేపలమ్ముతుంది. తెల్లారకుండానే మొగుడు గంగులు ఆటోలో భావనపాడు వెళ్ళి చేపలు తెచ్చి, బజారులో అమ్మి, ఎండెక్కాక ఇంటికొస్తుంది. రాగానే గంప కడిగి, ఆ కడుగూ పొలుసూ కాలవలో పోస్తుంది. ఇద్దరూ ఒకరినొకరు వదినా అనుకుంటారు. ఇటునుంచి అటు పప్పు, అటునుంచి ఇటు చేపల పులుసు వెళ్తూనే ఉంటాయి. చిన్నతల్లి జాకెట్లన్నీ భవానివే. ఈ కాలవ విషయంలో మాత్రం వారానికి రెండుసార్లయినా భవాని అరుస్తుంది, చిన్నతల్లి నవ్వి లోపలికి పోతుంది. అది వాళ్ళకి అలవాటు.

భవాని ఫోను సంగతి మరిచిపోయి కిటికీలోంచి తల బయటపెట్టింది.

"ఒలే సిన్నతల్లీ! ఆ సేపకడుగు కాలవలో పొయ్యకే! ఎన్నిసార్లు సెప్పాలే నీకు? బండొస్తాది కదా, బండిలో పొయ్యే! కంపు భరించనేక సస్తన్నాం! ఇనపడ్డాదా నేదా?"

"ఆ ఆ, ఇనపడ్డాదిలే" అంటూ చిన్నతల్లి నవ్వుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

భవాని వెనక్కి తిరిగి చీర సర్దుకుంది. "ఏదీ బాబూ, మళ్ళీ మొదలెడదాం. గౌరవనీయులైన..."

ఏసుదానం ఆ రాత్రి భోజనాలయ్యాక అన్నీ తన భార్య లీలారాణికి వినిపించాడు. ఆవిడ బాప్టిస్టు చర్చిలో పాటల బృందాన్ని నడిపిస్తుంది. గొంతుల సంగతి ఆమెకు తెలుసు. నమస్కారాలన్నీ విని ఆవలించింది. చివరిది వినగానే ఎంగిలి కంచం చేతిలోకి తీసుకుని లేచి నిలబడింది.

"ఎక్కడికి?" అన్నాడు ఏసుదానం.

"ఏమో. నన్నే అన్నట్టుంది. ఎంగిలి మెతుకులు పారేద్దామని లేచాను" అంది లీలారాణి. తరవాత నవ్వింది. "ఇదే వెయ్యండి."

"ఇందులో చిన్నతల్లి పేరుందే?"

"పేరు తీసేస్తే పిలిచినట్టు ఉండదండీ. అయినా ఈ ఊళ్ళో చిన్నతల్లులు తక్కువా? ఏ చిన్నతల్లి అని ఎవరికి తెలుస్తుంది?"

ఏసుదానానికి అది సబబుగానే తోచింది. మరీ తిట్టులా ఉందేమోనని, చివర మర్యాదగా ఉండటానికి తన గొంతుతో ఒక్క ముక్క కలిపాడు: "ఇట్లు, గెడ్డపేట పురపాలక సంఘం."

మర్నాడు పొద్దున్న చెత్తబండ్లన్నీ ఒక్కసారి నోరు తెరిచాయి. ఒలే సిన్నతల్లీ అనే కేకకి ఊరు ఊరంతా ఉలిక్కిపడి లేచింది. తన ఇంటి ముందే ఎవరో గొడవకొచ్చారనుకుని జనం వీధుల్లోకి వచ్చారు. చేతిలో ఏదుంటే దానితో వచ్చారు. వచ్చాక బండి కనపడింది. వచ్చినందుకు ఊరికే పోవడం దేనికని లోపలికి వెళ్ళి చెత్త తెచ్చి వేశారు. రెండో వార్డులో ఒక రిటైర్డు హెడ్మాస్టరు కూడా "వస్తున్నానమ్మా, వస్తున్నాను" అంటూ బక్కెట్టుతో పరిగెత్తాడట. మధ్యాహ్నానికి బండ్లు నిండిపోయి, రెండో ట్రిప్పు వెయ్యవలసి వచ్చింది. డ్రైవర్లు విసుక్కున్నారు. ఏసుదానం కళ్ళు చెమర్చాయి.

నూతిసందు వాళ్ళకి మాత్రం ఇంకోలా జరిగింది. చిన్నతల్లి ఆ పాటికి బజారులో ఉంది. కవళ్ళ చేపలు కుప్ప పోసుకుని బేరమాడుతోంది. బండి బజారు మలుపు తిరిగింది. కేక వినగానే చిన్నతల్లి అలవాటుకొద్దీ "ఆ ఆ, ఇనపడ్డాదిలే" అంది. అని, చుట్టూ చూసింది. భవాని లేదు. బండి ఉంది. ఎదురుగా బేరానికి వచ్చినవాళ్ళు, పక్కన చేపలమ్మేవాళ్ళు, అవతల మటన్ కొట్టువాళ్ళు అందరూ ఆమెకేసే చూస్తున్నారు. ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తరవాత బజారంతా నవ్వింది. నవ్విన వాళ్ళలో గంగులు కూడా ఉన్నాడు. ఆ రోజు ఆయనకు ఇంట్లో అన్నం పెట్టలేదు.

చిన్నతల్లి సగం చేపలు అమ్మకుండానే ఇంటికొచ్చి భవాని గుమ్మంలో నిలబడింది.

"నా జాకెట్టు ముక్క నాకిచ్చీ."

"ఏటైనాది వదినా?"

"వదినా గిదినా అనకు. ఇంటికాడ నువ్వేటన్నా నవ్వి ఊరుకున్నాను. ఊరంతా బండి కట్టించి తిట్టిస్తావేటే? ఇచ్చీ నా ముక్క."

"నాకు తెలీదే! నాను సెప్పినాది నమస్కారం. ఆ బాబు వేసినాడు."

"నమస్కారం నాకినపడనేదు. తిట్టే ఇనపడ్డాది."

జాకెట్టుకు అప్పటికి ఒక చెయ్యే కుట్టి ఉంది. ఆ ఒంటిచేతి జాకెట్టు తీసుకుని చిన్నతల్లి వెళ్ళిపోయింది. భవాని మిషను ముందు కూర్చుంది గానీ ఆ రోజు సూదిలోకి దారం ఎక్కలేదు. సాయంత్రం దేవేంద్ర డ్యూటీ దిగి వచ్చి, బస్సులో పాసింజర్లు తనకి "సిన్నతల్లిగారి వదినగారి భర్త" అని పేరు పెట్టారని సంతోషంగా చెప్పబోయి, భార్య మొహం చూసి మానుకున్నాడు.

సోమవారం మున్సిపల్ ఆఫీసులో ప్రజల అర్జీలు తీసుకునే రోజు. కమిషనర్ నారాయణమూర్తి కుర్చీలో కూర్చునేసరికి వరసలో నలుగురు ఆడవాళ్ళున్నారు.

"మీ పేరమ్మా?"

"సిన్నతల్లి."

"మీ పేరు?"

"సిన్నతల్లే బాబూ."

మూడో ఆవిడా చిన్నతల్లే. ఒకావిడ నాలుగో వార్డులో ఇడ్లీలమ్ముతుంది, ఒకావిడ అంగన్‌వాడీలో ఆయా, ఒకావిడ ఏడో వార్డు కౌన్సిలరు గారి మేనత్త. తాము ఎన్నడూ చేపలు కడగలేదని, అయినా వీధిలో పిల్లలు తమని చూసి ముక్కు మూసుకుంటున్నారని ఒక్క గొంతుతో చెప్పారు. నాలుగో ఆవిడ అసలు చిన్నతల్లి. "నాను కడిగినాను బాబూ. కడగనేదని సెప్పను. కానీ అది నాకూ ఆవిడికీ మద్దెన సంగతి. గవర్మెంటుకేటి?" అంది.

కమిషనర్ ఏసుదానాన్ని పిలిచి, పేరు తీసేసి మళ్ళీ చెప్పించమన్నాడు. చెప్పించాడు. కానీ భవానికి నోరు రాలేదు. "దయచేసి చేపకడుగు... ఎవరైనా సరే... కాలవలో పొయ్యకండి" అని, ఏడుపు ఆపుకుంటున్న మనిషిలా చెప్పింది. అది విని జనం ఎవరింట్లోనో ఎవరో పోయారనుకున్నారు. ఎవరూ బయటికి రాలేదు. వారం తిరక్కుండా కాలవలు మళ్ళీ నిండాయి. ఈసారి జనం ఊరుకోలేదు. పాత తిట్టే బాగుందని, అదే వెయ్యమని వార్డు సచివాలయాల్లో అడిగారు. నిద్రలేవడానికి కూడా వీలుగా ఉండేదని హెడ్మాస్టరు గారు రాసి ఇచ్చారు.

ఆ విధంగా ఈ విషయం కౌన్సిల్ సమావేశానికి వెళ్ళింది.

మున్సిపాలిటీ మీటింగు హాలుకి అప్పుడే కొత్తగా ఏసీ పెట్టించారు. తలుపులు, కిటికీలు బిగించి ఉన్నాయి. చైర్‌పర్సన్ అనూరాధ అజెండాలో ముందున్నవన్నీ గబగబా కానిచ్చి, చెత్తబండి దగ్గరికి వచ్చింది. ఏడో వార్డు కౌన్సిలర్ ధనరాజ్ లేచాడు. ఆయన ఇస్త్రీ చొక్కా మడత ఎప్పుడూ నలగదు. చిన్నతల్లీ, భవానీ ఇద్దరూ ఆయన వార్డువాళ్ళే.

"అధ్యక్షా, తిట్టు మళ్ళీ వెయ్యాలి. అది నా వార్డులో పుట్టినాది. కాబట్టి మొదట్లో 'కౌన్సిలర్ ధనరాజ్ గారి సహకారంతో' అని కలపాలని కోరతన్నాను."

"తిట్టుకి సహకారమేటండి?" అన్నాడు ప్రతిపక్ష సభ్యుడొకాయన. "అయితే మా వార్డు తిట్టొకటి కూడా వెయ్యాలి. మా వార్డులో మాత్రం తిట్టేవోలు నేరా?"

దాని మీద అరగంట వాదన జరిగింది. ఏ వార్డు తిట్టు ఏ వార్డులో వెయ్యాలి, వంతులవారీగా వెయ్యాలా, మహిళా సభ్యుల వార్డులకు ముందు ఇవ్వాలా అని మాట్లాడుకున్నారు. ఇంతలో తలుపు తోసుకుని చిన్నతల్లి వచ్చింది. నేరుగా బజారునుంచి వచ్చింది కాబట్టి గంప నెత్తినే ఉంది. గంపలో అమ్ముడుకాని కవళ్ళున్నాయి. అటెండరు ఆపబోతే, "నా పేరు మీద మీటింగెట్టి నన్ను ఆపుతావేటి నాయినా?" అని గంప దించి, ఏసీ కిందనే కూర్చుంది.

చైర్‌పర్సన్ చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "నీకేం కావాలమ్మా, తొందరగా చెప్పు" అంది.

"నాకు తొందరేటీ నేదమ్మా. మీరు ఆ తిట్టు వేసుకోండి. నా పేరుతోనే వేసుకోండి. కానీ ఆవిడ మాటాడితే ఊరంతా ఇన్నాది. నా మాట ఎవరిన్నారు? నాకూ నోరున్నాది. నా జవాబు కూడా వెయ్యండి."

"జవాబా?" అన్నాడు కమిషనర్.

"మరి! ఒకలి మాటే ఇని పోడమేటి? తగువన్నాక రెండు పక్కలా ఇనాలి కాదేటి?"

హాల్లో వాసన అప్పటికి వెనక వరసల దాకా వెళ్ళింది. కిటికీలు తెరవమంటే ఏసీ మెకానిక్ బిగించిన మేకులు రావటం లేదన్నారు. ఇద్దరు సభ్యులు ఫోను వచ్చినట్టు నటిస్తూ బయటికి పోయారు. ఇంకెవరూ వాదించలేదు. బాధితురాలి జవాబును యథాతథంగా రికార్డు చేసి, మొదటి ప్రకటన వెంటనే వినిపించాలని ఏకగ్రీవంగా తీర్మానం చేసి, అందరూ ఒక్కసారే లేచారు. యథాతథంగా అనే మాట తీర్మానం రాసుకున్న గుమాస్తా కలిపాడు. అది లేకపోతే తీర్మానం బోసిగా ఉంటుందని ఆయన ఉద్దేశం.

ఏసుదానం మర్నాడే చిన్నతల్లి ఇంటికి వెళ్ళాడు. ఆమె పట్టుచీర కట్టుకోలేదు. నమస్కారాలూ పెట్టలేదు. ఫోను తీసుకుని తనే లోపలికి వెళ్ళి, తలుపు వేసుకుని మాట్లాడి, బయటికొచ్చి ఇచ్చింది.

"ఒకసారి విని చూస్తానమ్మా" అన్నాడు ఏసుదానం.

"వొద్దు. ఆవిడిది నాకినిపించి వేసినారా? నాదీ అలగే వెయ్యండి."

యథాతథంగా అని తీర్మానంలో ఉంది. ఏసుదానం ఎదురు చెప్పే మనిషి కాడు. వినకుండానే బండ్లకి మైకులు అమర్చే కొట్టతనికి ఇచ్చేశాడు. చివర తన 'ఇట్లు' ముక్క ఎలాగూ ఉండనే ఉంది.

మర్నాడు తెల్లవారుతూనే భవాని గొంతు మళ్ళీ లేచింది. ఇనపడ్డాదా నేదా అని ఆగింది. జనం బక్కెట్లతో బయటికి వచ్చారు. అప్పుడు బండిలోంచి ఇంకో గొంతు పలికింది.

"ఇనపడ్డాదే భవానీ, ఇనపడ్డాది! పోసినాన్లే, పోసినాను! మీ బండి తెల్లారీసరికి వొచ్చి ఎల్లిపోద్ది. ఆ ఏలకి నాను బజార్లో ఉంటాను. నానొచ్చీసరికి బండుండదు. నా కడుగు ఎక్కడ పొయ్యమన్నావు, నెత్తిన పోసుకోమన్నావా? నన్నంటావు గానీ, ఆ కాలవ పూడిక తీసి ఎన్నేళ్ళైనాదే? వానొస్తే నీ ఇంట్లోకీ నా ఇంట్లోకీ నీల్లు రానేదేటి? అది నా సేపపొలుసు వల్ల వొచ్చినాదేటే? నా మీద అరిసే నోరు, కాలవ తియ్యనోల మీద నెగవదేటే నీకు?"

తరవాత ఏసుదానం గొంతు, మెత్తగా, ఎంతో మర్యాదగా వినిపించింది. "ఇట్లు, గెడ్డపేట పురపాలక సంఘం."

జనం బక్కెట్లు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. బండి పక్క వీధికి వెళ్తే కొంతమంది వెనకాలే వెళ్ళి మళ్ళీ విన్నారు. పురపాలక సంఘం తనని తనే అలా కడిగెయ్యడం గెడ్డపేట చరిత్రలో లేదు. కమిషనర్ క్వార్టర్సులో గడ్డం గీసుకుంటూ విన్నాడు. ఆయన గడ్డం సగం అలాగే ఉండగా ఏసుదానానికి ఫోను చేశాడు.

"ఆపించవయ్యా ఆ బండ్లు!"

"అది తీర్మానం సార్. ఏకగ్రీవం సార్. యథాతథంగా అని కూడా ఉంది సార్."

కమిషనర్ ఫోను పెట్టేశాడు. తన సంతకం కూడా దాని మీద ఉందని గుర్తొచ్చింది.

ధనరాజ్ గారికి ఆ రోజునుంచి వీధిలోకి రావడం కష్టమైంది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఆయన్ని చూడగానే "కాలవ తియ్యనోల మీద నెగవదేటే నీకు?" అని ఒకరినొకరు అడుక్కునేవారు. టీకొట్టులో గ్లాసు అందుకోబోతే "పూడిక తీసి ఎన్నేళ్ళైనాదే?" అని వెనకనుంచి వినపడేది. ఆయన తిరిగి చూస్తే ఎవరికి వారే టీ ఊదుకుంటూ ఉండేవారు. చివరికి ఆయన ఇంట్లో మేనత్త చిన్నతల్లి కూడా ఒకనాడు అన్నం వడ్డిస్తూ అదే ప్రశ్న వేసింది. ఆయన మెతుకు ముట్టకుండా లేచి, కమిషనర్ ఇంటికి వెళ్ళాడు.

అక్కడ ఏం జరిగిందో తెలియదు గానీ, ఇటు నూతిసందులో జరిగింది అందరూ చూశారు. చిన్నతల్లి జవాబు మొదటిసారి విన్నప్పుడు భవాని అరుగు మీద బియ్యం ఏరుతోంది. విన్నాక చేట పక్కన పెట్టేసింది. ఇన్నేళ్ళుగా చిన్నతల్లి తెల్లారకుండా వెళ్ళిపోతుందని తనకు తెలుసు. బండి ఎప్పుడొస్తుందో తెలుసు. ఆ రెండూ కలిపి ఎన్నడూ ఆలోచించలేదు. అరవడానికి అంత గొంతు ఉంది, అడగడానికి ఒక్క మాట రాలేదు. ఆ సంగతి ఆమెను తొలిచేసింది. దేవేంద్రతో అంటే, "నాను ఎప్పుడో సెప్పినాను" అన్నాడాయన. "ఎప్పుడు సెప్పినావు?" అంది. "ఎప్పుడూ సెప్తానే ఉన్నాను. నా మాట నీకినపడదు కదా."

ఎండెక్కాక చిన్నతల్లి గంపతో వచ్చింది. భవాని మూతున్న ప్లాస్టిక్ బక్కెట్టు ఒకటి పట్టుకుని ఎదురెళ్ళింది.

"ఇదిగో. నీ కడుగు ఇందులో పోసి మూతెట్టి నా అరుగు మీద ఎట్టీ. పొద్దున బండొచ్చినప్పుడు నాను పోస్తాను."

చిన్నతల్లి బక్కెట్టు కేసి చూసింది. "కంపు కొడతాది."

"మూతున్నాది కదా."

"రాత్రంతా నీ గుమ్మంలోనే ఉంటాది."

"ఉండనీ."

చిన్నతల్లి బక్కెట్టు అందుకుంది. "ఈ మాట మొదలే సెప్తే నాను మీటింగుకి ఎల్దునేటి?" అంది. "ఏసీలో కూకున్నాక రెండ్రోజులు జలుబు."

"ఆ జాకెట్టేటి సేసినావు?"

"పాతబజారు టైలరుకిచ్చినాను. రెండో సెయ్యి మోకాలిదాకా కుట్టినాడు. ఎదవ."

"తే ఇలగ" అంది భవాని.

ఆ వారమే పొక్లెయిన్ వచ్చింది. కమిషనరే స్వయంగా దగ్గరుండి నూతిసందు మొదలు బజారు దాకా పెద్దకాలవ పూడిక తీయించాడు. అందులోంచి వచ్చినవి చూడటానికి జనం రెండు గట్ల మీదా నిలబడ్డారు. పరుపులు వచ్చాయి, ఒక సైకిలు వచ్చింది, ఎవరిదో గడపతో సహా తలుపు వచ్చింది. చేపపొలుసు ఎక్కడా కనపడలేదని చిన్నతల్లి ప్రతి ఒక్కరికీ చూపించి మరీ చెప్పింది. బురద తీసి గట్టున పోసి వెళ్ళిపోబోతున్న డ్రైవరుని ఇద్దరూ కలిసి ఆపారు. ఇద్దరి గొంతులూ ఒకేసారి వినపడేసరికి అతను ఇంజను ఆపేసి, కిందికి దిగి, ట్రాక్టరుకి ఫోను చేశాడు. బండి కూడా ఇప్పుడు బజారు వైపు రెండో ట్రిప్పు ఎండెక్కాకే వేస్తోంది.

పని పూర్తికాగానే కాలవ వంతెన దగ్గర పెద్ద ఫ్లెక్సీ వెలిసింది. "ఏళ్ళ సమస్యకు శాశ్వత పరిష్కారం చూపిన మన ధనరాజ్ గారికి ఏడో వార్డు ప్రజల కృతజ్ఞతలు." ధనరాజ్ చేతులు జోడించి నవ్వుతున్నాడు. ఆయన మొహం ఎద్దుబండి చక్రమంత ఉంది. ప్రజల్లో ఎవరిని అడిగినా కృతజ్ఞతలు తాము చెప్పలేదనే అన్నారు.

రెండ్రోజులకి మబ్బు పట్టి గట్టి వాన కురిసింది. కాలవ నిండుగా, గలగలా పారింది. నూతిసందులోకి నీళ్ళు రాలేదు. జనం గుమ్మాల్లో నిలబడి, పారుతున్న కాలవని చుట్టాన్ని చూసినట్టు చూశారు. ఇంతలో గాలికి ఫ్లెక్సీ తాళ్ళు తెగి, ధనరాజ్ గారు నేరుగా కాలవలో పడి, వంతెన కింద అడ్డంగా ఇరుక్కున్నారు. నీళ్ళు ఆగాయి, పొంగడం మొదలెట్టాయి.

"ఒలే వదినా, పట్టవే!" అంటూ చిన్నతల్లి చీర ఎగ్గట్టి కాలవలో దిగింది. భవాని గట్టు మీంచి ఫ్లెక్సీ తాడు పట్టుకుంది. దేవేంద్ర డ్యూటీ సంచి తీసి అరుగు మీద పెట్టి, తనూ ఒక కొస పట్టుకున్నాడు. ముగ్గురూ లాగితే ఫ్లెక్సీ బయటపడింది. నీళ్ళు మళ్ళీ పారాయి.

వాన వెలిశాక చిన్నతల్లి ఫ్లెక్సీని అటూ ఇటూ తిప్పి చూసింది. గట్టి సరుకు. చినగలేదు. కుళాయి దగ్గర కడిగి, ఆరబెట్టి, గంగులు ఆటోలో చేపగంపల మీద కప్పుకోడానికి సరిపోతుందని తీసుకుంది. భవాని దానికి నాలుగు అంచులూ మడిచి మిషను మీద కుట్టి, తాళ్ళు కట్టుకోడానికి కన్నాలు వేసి ఇచ్చింది.

ఇప్పుడు రోజూ తెల్లవారకముందే ధనరాజ్ గారు చేతులు జోడించి నవ్వుతూ భావనపాడు వెళ్తున్నారు. చేపలమీద పడుకుని ఎండెక్కేవేళకి బజారుకి వస్తున్నారు. ఆయనకి ఎవరో ఈ సంగతి చేరవేసి, పరువు తక్కువ, వెంటనే తీయించమని చెప్పారు. ధనరాజ్ బజారుకి వచ్చి, ఆటో దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు. చుట్టూ నాలుగు వార్డుల జనం చేపలు బేరమాడుతూ ఆయన మొహం చూస్తున్నారు, చూసి నవ్వుతున్నారు. ఎన్నికలు ఎంతో దూరంలో లేవు.

"తియ్యకమ్మా, ఉండనీ" అన్నాడు చిన్నతల్లితో. "ఆ పేరున్న పక్క మాత్రం పైకి రానీ. మడత పడిపోతన్నాది."